సీసం కొరికిన పళ్లు

ఏటి జనంలో టిక్కు అంటే తెలియనివాళ్లు లేరు. అసలు పేరు కన్నతల్లికే గుర్తుందో లేదో. వల అంచుకు సీసపు గుండు తగిలించి, పళ్ల మధ్య పెట్టి ‘టిక్కు’మని నొక్కేది. పూటకు నాలుగు వందల గుండ్లు! ఆ చప్పుడు వినగానే చేపలు పిల్లాజెల్లాతో ఎగువకు వలసపోయేవట. ఇందులో అబద్ధం పాలు తీసేసినా సగం మిగులుతుంది.

పెళ్లయి నాలుగు నెలలు. మొగుడు వేట మీద వెళ్లాడు. అత్త అప్పుడే ఉయ్యాల కొక్కేలకు తుప్పు గీకేసింది.

ఆ వారమే వలల కొట్టంలో కొత్త జంటలకు క్లాసు పెట్టారు. కిందటేడు ఎవరో పెద్దాయన వచ్చి, గోడకు బొమ్మలు తగిలించి ఊదరగొడితే కొట్టం మొత్తం గురకపెట్టింది. ఈసారి చెప్పేది ఏటి పిల్లే, చదువుకుని నర్సయింది. పక్కన మంత్రసాని ముసలమ్మ.

“కడుపు వచ్చాక కాదర్రా, రాకముందే జాగ్రత్త పడాలి. సీసం పళ్లతో నొక్కేదెవరు?” అంది నర్సు.

టిక్కు గర్వంగా చెయ్యెత్తింది. “నేనేనక్కా! ఎనిమిదో ఏటి నుంచి.”

నర్సు నవ్వలేదు. “అది ఎముకల్లో దాక్కుంటుందమ్మా. బిడ్డకు ఎముక కట్టాలంటే తల్లి ఎముక కొంచెం కరుగుతుంది. దాంతోపాటు సీసమూ బిడ్డలోకి దిగుతుంది. కడుపు నిలవకపోవచ్చు, నిలిచినా బిడ్డకు తెలివి మందగించవచ్చు.”

టిక్కు ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయింది.

“దించవే తల్లీ, భుజం పట్టేస్తుంది,” అంది ముసలమ్మ. “ముందు రక్తం చూపించుకో. అంతవరకూ కడుపు మాట ఎత్తకు.”

ఫలితం రావడానికి పది రోజులన్నారు. టిక్కు ఉప్పుతో నోరు పుక్కిలించింది, బూడిదతో పళ్లు తోమింది. వల ముందు కూర్చుంటే చాలు, చెయ్యి దానంతటదే నోటి దాకా వచ్చేది. తన చెయ్యంటేనే తనకు భయం పట్టుకుంది. వేళ్లతో నొక్కితే గోళ్లు విరిగాయి.

“ఏమే, పళ్లు ఎవరికైనా అరువిచ్చావా?” అని అత్త ఎకసెక్కాలాడింది.

ఆరో రోజు నెలసరి వచ్చింది. పోయిన నెల ఇదే చూసి ఏడ్చిన పిల్ల, ఇప్పుడు “హమ్మయ్య” అంది. అన్నాక, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది.

పదో రోజు నర్సు కాగితం ఇచ్చింది. “ఎక్కువే ఉంది. ఇప్పుడే బిడ్డ వద్దు. నోట్లో సీసం పెట్టకు, చేతులు కడక్కుండా తినకు. డాక్టరుకు చూపిద్దాం. ఆరు నెలలకు మళ్లీ రక్తం తీస్తా. తగ్గుతుందే, ఏడవకు.”

ఇంటికొచ్చేసరికి అరుగు మీద అత్త, ఒళ్లో వల, బుగ్గలో గుండు. టిక్కు గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది, చెప్పి తిట్ల కోసం తల వంచుకుంది.

తిట్లు రాలేదు. అత్త గుండును అరచేతిలోకి ఉమ్మింది.

“నీ మొగుడు పుట్టకముందు నాకు రెండు కాన్పులు పోయాయి. అందుకేనంటావా?”

“తెలీదత్తమ్మా. నర్సక్కైనా చెప్పగలదో లేదో.”

“నాకప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదే.”

టిక్కు అత్త ఒళ్లోంచి వల తీసి పక్కన పెట్టింది.

అత్త లేచి, మొగుడి పనిముట్ల పెట్టె వెతికి, కటింగ్ ప్లేయర్ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

“దీంతో నొక్కు. నేనూ నేర్చుకుంటా. ముందు మూతి కడుక్కోనీ.”