ప్రార్థన మనవి

గులాబీ పువ్వుల అచ్చు నూనెలో బాగా కాలితేనే పిండిని పట్టుకుంటుంది. రెండొందల పువ్వులు వెయ్యాలి, క్రిస్మస్‌కి చర్చిలో పంచడానికి. నా చెయ్యి వణుకుతోంది. "ఏంటమ్మాయ్, అన్నీ విరగ్గొడుతున్నావు" అంది మా అత్తయ్య పుణ్యవతి, హాల్లోంచే. వణుకు ఎందుకో ఆవిడకు తెలుసు. ఐదు రోజులుగా నా మాత్రల అట్ట ఆవిడ బైబిలు సంచిలో ఉంది.

ఆ రోజు బంద్. తెలంగాణ ఇస్తామన్న మాట మళ్లీ వెనక్కి పోయిందని ఊరంతా మూసేశారు. హైటెక్ సిటీలో మా ఆఫీసూ మూసేసి, బదులుగా శనివారం రమ్మని మెయిల్ పంపారు. దాని కిందే ఇంకో మెయిల్: పండుగ రోజుల్లో మనసు జాగ్రత్త, రోజూ ఒక గంట మీకోసం ఉంచుకోండి. నవ్వొచ్చింది. బంద్ అంటే మా ఆయన స్టీఫెన్ మూడు పూటలా వేడిగా తింటాడు, మధ్యలో నాలుగు టీలు తాగుతాడు. బాపట్ల నుంచి వచ్చి పదేళ్లయినా, మనల్ని ఇక్కణ్ణుంచి పొమ్మంటారేమోనని టీవీ ముందు తల్లీకొడుకుల బెంగ.

పనిచేసే చంద్రమ్మ మాత్రం పుప్పాలగూడ నుంచి ఖాజాగూడ దాకా నడిచొచ్చింది. "బస్సులకు బంద్ గని, బోళ్లకు బంద్ ఉంటదా అమ్మా?" అని గిన్నెల ముందు కూచుంది. నా చేతులు చూసి అడిగితే చెప్పేశాను.

"ఏందీ, గోలీలు దాచిండ్రా? నా బీపీ గోలీలు గిట్ల దాస్తె ఇల్లు పీకి పందిరేస్తుంటి."

నేను ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతున్నాను.

నిద్ర పట్టక, ఏ కారణమూ లేకుండా ఆఫీసు బాత్రూంలో ఏడుస్తూ, అక్టోబరులో నా అంతట నేనే డాక్టరు దగ్గరికి వెళ్లాను. మాత్రలతో మనిషినయ్యాను. ఆ సంతోషంలో చేసిన తప్పల్లా పాస్టరమ్మగారితో చెప్పుకోవడం. "మనిద్దరి మధ్యే ఉంటుందమ్మా" అన్నారావిడ. ఆదివారం ప్రార్థన మనవుల్లో, ఒకరి మోకాలి ఆపరేషన్ తర్వాత, "సహోదరి జాయ్స్ మానసిక బలహీనత కొరకు" అని మైకులో చదివారు. అందరూ కళ్లు మూసుకున్నారు, మధ్యమధ్యలో నన్ను చూడ్డానికి తెరిచారు. బయటికొచ్చాక, మా సంఘంలోని జాస్మిన్ తన పసిపిల్లను నా చేతుల్లోంచి తీసేసుకుంది. "నిద్రొస్తోంది దానికి" అంది. పిల్ల నా వైపు చూసి నవ్వుతూనే ఉంది.

అత్తయ్య పరువు పోయింది. దాన్ని నేనే వెనక్కి తేవాలట. "మాత్రలు మానేశాను, ప్రభువు స్వస్థపరిచాడని క్రిస్మస్ రోజు సాక్ష్యం చెప్పు. చెప్పాక నీ ఇష్టం" అంది. డాక్టరు చీటీ కూడా ఆ సంచిలోనే ఉంది. డాక్టరేమో సెలవులో ఉన్నారు. చీటీ లేకుండా మందుల షాపువాడు ఇవ్వడు. సంచిని తలకింద పెట్టుకుని పడుకుంటుంది ఆవిడ. స్టీఫెన్ ఆ సాక్ష్యాన్ని టైపు చేసి, ప్రింటు తీసి మరీ ఇచ్చాడు.

"రెండు నిమిషాల పని. క్లయింట్‌తో గంటలు గంటలు మాట్లాడతావుగా?"

"నేను టెస్టర్‌ని స్టీఫెన్. పనిచెయ్యనిదాన్ని పనిచేస్తోందని రాస్తే నా ఉద్యోగం పోతుంది."

"పండుగ పూట అమ్మతో గొడవొద్దు" అన్నాడు. ఒక గులాబీ పువ్వు నోట్లో వేసుకుని తీపి తక్కువైందన్నాడు. వాడి మొహాన నూనె పొయ్యాలనిపించింది. పొయ్యలేదు, స్టవ్ తగ్గించాను. ఐదు రాత్రులుగా నాకు కంటి మీద కునుకు లేదు. రోజూ నాలుగింటికే లేచి కీర్తనలు పాడే అత్తయ్య మాత్రం ఈ మధ్య ఏడైనా లేవడం లేదు. నా మీద గెలిచానన్న ధీమా అనుకున్నాను.

మర్నాడు క్రిస్మస్ ఆరాధనలో నా పేరు పిలిచారు. వెళ్లి మైకు అందుకుని, స్టీఫెన్ ఇచ్చిన కాగితం మడిచేశాను.

"సాక్ష్యం కాదండీ, నాదొక ప్రార్థన మనవి. మా అత్తయ్యగారి బైబిలు సంచిలో నా మాత్రలున్నాయి. అవి నాకు ఇప్పించమని సంఘాన్ని కోరుతున్నాను."

ఈసారి ఎవరూ కళ్లు మూసుకోలేదు. స్టీఫెన్ తల దించుకున్నాడు. పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట పాడదామన్నారు. ఎవరూ అందుకోలేదు. మైకుతోనే నడిచి వెళ్లాను. అత్తయ్య సంచిని రెండు చేతులా ఒళ్లో అదుముకుంది. లాక్కున్నాను. అవును, పండుగ పూట, అందరి ముందూ, అరవై ఏళ్ల మనిషి చేతుల్లోంచి లాక్కున్నాను.

సంచి తెరిచి అట్ట తీశాను. కొత్త అట్ట అది, నేను ఒక్కటి కూడా వేసుకోనిది. పదికి నాలుగే ఉన్నాయి. ఆరు రాత్రులకు ఆరు.

ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు. మైకు నా నోటిదాకా వచ్చింది. ఆ లెక్కను ఆవిడ పేరుతో సహా చదవాలనే ఉంది. చదివితే రేపట్నుంచి ఈవిడ చేతికీ ఎవరూ పిల్లల్ని ఇవ్వరు. మైకు ఆపేశాను. ఆపినందుకు నా మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపమే.

"ఎన్నాళ్లనుంచి అత్తయ్యా, నిద్ర లేదు?"

ఆవిడ తలెత్తలేదు. నాకొక్కదానికే వినిపించేంత గొంతుతో చెప్పింది.

"పెళ్లయిన కాణ్ణుంచీ."