చేతికందే బంతి

ఒక టెన్నిస్ రాకెట్‌ను నిలువుగా నిలబెట్టి, దాని మీద మరో రాకెట్ తలను అడ్డంగా పెట్టి, నెట్ ఎత్తు సరిపోయిందో లేదో చూసుకున్నాడు మార్కర్. కాస్త కుంగింది. నిన్న సాయంత్రం ఎవరో దాని మీద వాలిపోయి లోకాభిరామాయణం మాట్లాడుకుని ఉంటారు. స్తంభం దగ్గర పిడి తిప్పి తీగ బిగించాడు.

క్లబ్బులో జోడీ దొరకని సభ్యులతో ఆడిపెట్టడం అతని ఉద్యోగం. ఆడటమంటే గెలవడం కాదు. అవతలివాళ్ల నడుము ఎత్తుకి, కుడిచేతికి ఒక్క అడుగు దూరంలో, కొట్టమని బతిమాలుతున్నట్టు బంతి పంపడం. చివర్లో రెండు పాయింట్లు తక్కువలో తాను ఆగిపోవడం. "ఓడిపోయి జీతం తెచ్చే మగాడివి నువ్వొక్కడివే" అంటుంది భార్య. పెళ్లికి ముందు ఒకే ఒక్కసారి పోటీకి వెళ్లి, మొదటి రౌండులోనే ఇంటికొచ్చాడు. ఎదుటివాడు ఎక్కడ నిలబడితే అక్కడికే బంతి పంపింది అతని చెయ్యి. ఆ సంగతి ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. అవసరమైనప్పుడల్లా ఆమె దాన్ని బయటికి తీస్తుంది.

బట్టల కొట్టు షావుకారు కారు దిగకముందే ఆయన కోడలు గబగబా లోపలికి వచ్చింది. చేతిలో కొత్త రాకెట్. దాని తల జల్లెడంత ఉంది.

"అన్నయ్యగారూ, రాత్రంతా మావయ్యగారు మోచెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఆ చిన్న బ్యాట్ వదలకపోతే ఆటే మానిపించమన్నాడు డాక్టరు. ఈయన వినరు. రెండిట్నీ పోల్చి చూశాకే మారతానన్నారు" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "చిన్నదాంతో ఒక్కటి కూడా సరిగా పడకుండా చూడండి."

"అలా ఎలాగమ్మా?" అన్నాడు మార్కర్.

"ఆట మానేస్తే ఆయన ఏమైపోతారో మీకు తెలీదా?"

తెలుసు. కొట్టు కొడుక్కి అప్పగించాక షావుకారుకి పొద్దున్నే లేవడానికి మిగిలింది ఈ ఆట ఒక్కటే. వారమంతా ఎవరితోనూ మాట్లాడని మనిషి ఇక్కడ గెలిచిన రోజు కాపలావాణ్ణి సైతం ఆపి, ఎలా గెలిచాడో చెప్పి వెళ్తాడు.

షావుకారు రెండు రాకెట్లనూ బెంచీ మీద పక్కపక్కన పెట్టి, తానుల్ని తడిమినట్టు తడిమాడు. తన పాతదాని తల చిన్నది, తీగలు దగ్గర దగ్గరగా ఉంటాయి. నడిమధ్యన తగిలితే బంతి చెప్పిన మాట వింటుంది. వేలెడు పక్కకి తగిలిందా, అదురంతా మోచేతికే. పెద్దది అలా కాదు, ఎక్కడ తగిలినా ఏదోలా గట్టెక్కిస్తుంది.

"దీంతో పిండి జల్లించుకోవాలోయ్! సరే, మాటంటే మాట. అరబుట్ట బంతులు దీనికి, అరబుట్ట దానికి. ఏది ఎక్కువ లోపల వేస్తే అదే నాది" అన్నాడు.

చిన్నదానితో మొదలుపెట్టారు. మార్కర్ చెడ్డ బంతి వేద్దామనే చెయ్యెత్తాడు. అది వెళ్లి ఎప్పట్లాగే నడుము ఎత్తున, ఒక్క అడుగు దూరంలో పడింది. టక్‌మని కొట్టాడు షావుకారు. "చూశావా!" అన్నాడు మురిసిపోతూ. రెండోదీ అలాగే వెళ్లింది. బెంచీ మీద కోడలు లేచి నిలబడింది.

మార్కర్ రాకెట్ పట్టు మార్చాడు. పళ్లు బిగించి, తర్వాతి బంతిని మెలితిప్పి ఆయన ఒంటి మీదికి పంపాడు. రాకెట్ అంచుకి తగిలి అది పక్క కోర్టులోకి ఎగిరింది. షావుకారు ముఖం నొప్పితో వంకర పోయింది. ఆపేయాలనిపించింది మార్కర్‌కి. ఆపలేదు. ఒకటి పొట్టిగా, ఒకటి దూరంగా, ఒకటి కాళ్ల కింద. షావుకారు పరుగెత్తాడు, తూలాడు, మోకాలి మీద కూలబడి మళ్లీ లేచాడు. బుట్ట సగమయ్యేసరికి మార్కర్ ఆయన ముఖం వైపు చూడటం మానేశాడు.

షావుకారు పెద్దది అందుకున్నాక మార్కర్ చెయ్యి తన దారిన తాను పోయింది. ప్రతి బంతీ చేతికి అందింది, ప్రతి బంతీ లోపల పడింది. కోడలు చప్పట్లు కొట్టింది.

షావుకారు నెట్ దగ్గరికి వచ్చాడు. రొప్పుతున్నాడు.

"చెడ్డ బంతులు వేయడం నీకు ఎప్పట్నించి వచ్చు?"

"మొదట్నించీ వచ్చండి."

"మరి ఇన్నేళ్లలో ఒక్కటీ వేయలేదే?"

మార్కర్ నెట్ పట్టీని సరిచేయబోయాడు.

"నేను గెలిచినవి?"

మీరే గెలిచారని అబద్ధం ఆడబోయి, మార్కర్ ఆయన కళ్లు చూసి ఆగిపోయాడు. షావుకారు వెనక్కి వెళ్లి, పెద్ద రాకెట్ పట్టుకుని గీత మీద నిలబడ్డాడు.

"ఒక్కటి వెయ్యి. నాకోసం కాదు, నీకోసం."

వద్దంటే అదింకా పెద్ద అవమానం. మార్కర్ కొట్టాడు. బంతి నెట్ మీంచి గీసుకుపోయి ఎడమ మూల గీత మీద పడింది. షావుకారు చెయ్యి కదిలేలోపే వెనక తెరకి తగిలింది. ఒక్క క్షణం మార్కర్‌కి ఒళ్లంతా సంతోషం. ఆ వెంటనే తల ఎత్తలేనంత సిగ్గు.

"బాగుందోయ్" అన్నాడు షావుకారు. మనస్ఫూర్తిగానే అన్నాడు. రెండు రాకెట్లూ కోడలి చేతికిచ్చాడు.

"రేపు పెద్దదాంతో సరిగ్గా ఆడదామండీ. ఏమీ దాచకుండా ఆడతాను" అన్నాడు మార్కర్.

"చూద్దాంలే."

కొనని గిరాకీ కొట్టు మెట్లు దిగుతూ అనే మాట అది. గేటు దగ్గర ఆయన ఆగితే, వెనక్కి వస్తాడేమోనని మార్కర్ రెండడుగులు వేశాడు. షావుకారు జేబు తడుముకున్నాడు. రెండో సర్వీసు కోసం అలవాటుగా పెట్టుకున్న బంతి ఒకటి లోపల ఉండిపోయింది. ఎవరికివ్వాలో తోచనట్టు అటూ ఇటూ చూసి, దాన్ని గోడ మీద పెట్టి కారెక్కాడు.

మర్నాడు రాలేదు. ఆ వారమూ రాలేదు. తర్వాత కోడలు ఒక్కతే వచ్చి, మావయ్యగారి పేరు సభ్యుల జాబితా నుంచి తీయించి, మార్కర్ వైపు చూడకుండా వెళ్లిపోయింది. కోర్టు చిమ్మేటప్పుడు మార్కర్ గేటు దాకా వచ్చి ఆగిపోతాడు. గోడ మీద ఆ బంతి, ఒకవైపు ఎండకి వెలిసి, పెట్టినచోటే ఉంది.