పొగ తాగేవాళ్లకే పది నిమిషాలు

మా బావ చచ్చేదాకా ఒక్క సిగరెట్టు తాగలేదు. అయినా సర్కారు కాగితంలో ఆయన ఇరవై రెండేళ్లు పొగ తాగినవాడే. ఎలాగంటారా? వినండి.

మాది సిమెంటు రేకుల కంపెనీ. రాతినార, అదే ఆస్బెస్టాస్, బస్తాలు కోసి యంత్రంలో కుమ్మరించి, ఖాళీ సంచులు దులపడం మా పని. దులిపితే లేచే పొడికి ఎదుటి మనిషి కనపడడు. కాసేపు కూర్చుంటే సూపర్‌వైజర్ బూతులు. పొగ తాగేవాళ్లు మాత్రం పుస్తకంలో సంతకం పెట్టి పది నిమిషాలు బయటికెళ్లొచ్చు. ఇంకేం, అందరం పొగరాయుళ్లమైపోయాం! బావ సిగరెట్టు వెలిగించి, నోట్లో పెట్టకుండా, అది ఆరేదాకా గోడకానుకుని గాలి పీల్చుకునేవాడు.

"గాలికి కూడా సంతకం పెట్టాలిరా" అని నవ్వేవాడు. మేమూ నవ్వాం. మా బుద్ధి గడ్డి తిన్నది.

ఈమధ్య నాలుగేళ్లలో బావతో సహా మాలో పదకొండు మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్. పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ పట్టుబట్టి, ఈ పొడి మీద పరిశోధన మొదలుపెట్టింది. సర్కారు నిధులతో స్కానింగూ మందులూ అక్కడే. బావ ఆ మందుల మీదే బతికాడు.

ఒకరోజు ఆరోగ్య శాఖ అధికారి మా మేనేజరుని వెంటేసుకుని వార్డుకొచ్చాడు. చేతిలో మా పొగ పుస్తకం.

"పొగ తాగి తెచ్చుకున్న రోగానికి పొడి మీద పరిశోధనెందుకు? కొత్త పాలసీ ప్రకారం నిధులు ఆపేస్తున్నాం."

"మా ఆయన నోట్లో పెట్టలేదయ్యా!" అంది అక్క.

"సంతకం ఎవరిదమ్మా?"

"ఆయనదే."

"ఊపిరాడక పెట్టాడు సార్" అన్నాను.

"ఊపిరాడక పొగ తాగాడా?" మేనేజరు పగలబడి నవ్వాడు.

మందులు ఆగిన పంతొమ్మిదో రోజున బావ పోయాడు. "నన్ను కోసి చూడమనండి. లోపల పొగుందో పొడుందో తేలిపోతుంది" అన్నదే ఆఖరి మాట. శవాన్ని ఆసుపత్రికి మోసుకెళ్లాం. డాక్టరమ్మను బదిలీ చేశారట. గదికి తాళం. "స్కీమే లేదు, శవమెందుకు?" అన్నాడు గుమాస్తా.

బావని మట్టిచేసి కంపెనీ గోడ వెనక చేరాం.

"గొడవపడితే ఉద్యోగాలు పోతాయిరా" అన్నాడు యంత్రం నడిపే తాత.

"మీ సంతకాలే ఆయన్ని చంపాయి" అంది అక్క. "ఇంకా పెడతారా?"



మర్నాడు పొగ గంట కొట్టగానే అందరం బయటికొచ్చి కూర్చున్నాం. అక్క కూడా వచ్చి మా పక్కన కూర్చుంది. ఎవరూ సంతకం పెట్టలేదు. ఎవరూ వెలిగించలేదు. గంటైనా లేవలేదు.

మేనేజరు ఊగిపోయాడు. "పొగ తాగనివాళ్లకు విరామం లేదు! లోపలికి నడవండి!"

తాతే లేచాడు. "ఆ మాటే కాగితం మీద రాసియ్యి సారూ. మేం తాగనివాళ్లమని రాసి, ఈసారి నువ్వు పెట్టు సంతకం."

మేనేజరు సంతకం పెట్టలేదు. ఫోను తీశాడు.

పోలీసులొచ్చారు. తాత వీపు మీద లాఠీ పడింది. ఆయన దగ్గి, నెత్తురుపడి ఎర్రబడ్డ అరచేయి కానిస్టేబులుకి చూపించాడు. "రాసుకో. నేనూ తాగను."

తాతనీ, అక్కనీ, నన్నూ వ్యానులోకి తోశారు. గేటు దగ్గర ఒకడు పేరు చెప్పి "నేనూ తాగను!" అని అరిచాడు. తర్వాత ఇంకొకడు. వ్యాను మలుపు తిరిగేదాకా పేర్లు వినపడుతూనే ఉన్నాయి.

డాక్టరమ్మ ఎవరిచేతో లాకప్పుకి ఒక నోటుబుక్కు పంపింది. పొగ తాగకుండా పొడి పీల్చినవాళ్ల పేర్లు అక్క చెబుతోంది, నేను రాస్తున్నాను. మొదటి పేరు బావది. ఇప్పుడు నూట పన్నెండో పేరు దగ్గరున్నాం.