ఇస్త్రీ గదిలో వానడవి

లాండ్రీ నడుపుతున్న పిన్నికి బావగారు ముప్ఫయ్యేళ్ళు బళ్ళో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. ఇన్నేళ్ళూ గోడపటం మీద బెత్తంతో చూపించిన వర్షారణ్యాన్ని ఒక్కసారైనా కళ్ళారా చూడాలని ఆయనకు పట్టుకుంది. పట్టుకుందంటే మామూలుగా కాదు. తనకూ భార్యకూ విమానం టిక్కెట్లు కొనేసి, భోజనాల బల్ల నిండా పటాలు పరిచేశాడు. కంచం పెట్టుకునే చోటు లేక ఆయన భార్య, అంటే పిన్నికి స్వయానా అక్క, నెల రోజులుగా వంటింటి గట్టు దగ్గర నిలబడే తింటోంది.

ప్రయాణం రెండు నెలలుందనగా ఒకనాటి ఉదయం ఆయన లాండ్రీకి వచ్చాడు. మోకాళ్ళ దాకా బూట్లు, వెడల్పాటి అంచుల టోపీ, వీపున పొట్ట పగిలేలా నింపిన సంచీ. హోటలు దుప్పట్ల మూట విప్పుతున్న పిన్ని మొదట ఎవరో దారి తప్పి వచ్చారనుకుంది.

"అమ్మాయ్, మీ ఇస్త్రీ గదిలో రోజూ ఓ గంట నడుస్తాను. కాదనకు" అన్నాడు.

ఆ అడవిలో గాలి ఎంత తడిగా ఉంటుందో, అలవాటు లేని ఒళ్ళు ఆ ఉక్కకు ఏమైపోతుందో పాఠంలా వివరించాడు. ఊరు మొత్తానికి అంత ఉక్క దొరికే చోటు ఇదొక్కటేనట. ఇరవయ్యేళ్ళుగా తను చెమటోడుస్తున్న గది ఇంత ఘనమైనదని పిన్నికి అప్పుడే తెలిసింది. వయసులో పెద్దవాడు, పైగా బావ. సరేనంది.

మర్నాటి నుంచీ నడక మొదలైంది. ఆరేసిన దుప్పట్ల కింద వంగుతూ, బాయిలరు పక్కగా ఒదుగుతూ ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు. ఇస్త్రీ చేసే ఇద్దరు ఆడవాళ్ళూ తలెత్తితే నవ్వొస్తుందని ఒకే చొక్కాను మూడేసి సార్లు రుద్దారు. నాలుగో రోజున ఆయనకు జలగల బెంగ పట్టుకుంది. తడి గుడ్డముక్కలు తనకు తెలియకుండా ఒంటికి అంటించమనీ, ఎన్నింటిని కనిపెడతానో చూడమనీ వాళ్ళలో పొడుగామెను అడిగాడు. ఆమెకు ఆ పని తెగ నచ్చేసింది. అయిదింటిలో ఒకటి కనిపెడితే గొప్ప. ఒకరోజు కాలరుకు ఎవరిదో పసిపిల్ల మేజోడు వేలాడుతుండగానే ఇంటి దాకా దర్జాగా నడిచి వెళ్ళాడు.

ఎనిమిదో రోజున, నడక మధ్యలో, "ఒక్క నిమిషం" అంటూ మాసిన దుప్పట్ల గుట్ట మీద కూలబడ్డాడు. సంచీ బరువుకు వెల్లకిలా పడి, తిరగేసిన తాబేలులా కాళ్ళూ చేతులూ ఆడించాడు. పొడుగామె నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. పిన్ని నీళ్ళు చల్లి, సంచీ ఊడదీసి, ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ప్రాణానికేం భయం లేదు గానీ, ఈ రక్తపోటుతో ఆరు నెలల దాకా అడవి మాటెత్తకూడదన్నాడు డాక్టరు.

రెండు రోజుల తర్వాత, గది ఇచ్చినందుకు పిన్ని తనను తానే తిట్టుకుంటూ ఆయన్ని చూడ్డానికి వెళ్ళింది. ఆయన పటాలు చుట్టచుట్టి దారం కడుతున్నాడు. బల్ల మీద మళ్ళీ కంచాలకు చోటు కనిపించింది.

"టిక్కెట్లు వెనక్కిచ్చేద్దాం" అన్నాడు ఆయన, అక్కవైపు చూడకుండా.

అక్క గిన్నె తుడుస్తున్నదల్లా ఆగింది. "నాకు వెళ్ళాలని ఉందండీ."

ఇద్దరూ ఆమె మొహంలోకి చూశారు. ఇన్నాళ్ళ హడావుడిలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగనే లేదు.

"మీ పటాలకి రంగులేసింది నేనే కదా. ఆ అడవికి ఎన్ని డబ్బాల పచ్చరంగు పోశానో నాకు తెలుసు. అసలు పచ్చ ఎలా ఉంటుందో చూడొద్దూ?"

ఆయన చుట్టిన పటాన్ని ఆమె ముందుకు జరిపాడు. మరదలి వైపు తిరిగి, "నా బదులు నువ్వు తీసుకెళ్ళమ్మా. ఆ ఉక్క నీకో లెక్కా" అన్నాడు.

దుకాణం ఎవరు చూస్తారని పిన్ని అడిగింది. తను చూస్తానన్నాడు. చల్లగా ముందుగదిలో కూర్చుని బట్టలు తీసుకోవడమూ ఇవ్వడమే తప్ప లోపలికి తొంగికూడా చూడనని అక్క మీద ఒట్టేశాడు. ప్రయాణానికి ముందే పని నేర్చుకుంటానని వచ్చి, వారం తిరక్కుండానే అరల్లో బట్టలన్నీ వీధుల దిక్కుల వారీగా సర్దేశాడు. ఈశాన్యంలో ఉన్న చొక్కా కోసం తాము ఆగ్నేయమంతా వెతుకుతున్నామని ఇస్త్రీ ఆడవాళ్ళు మొత్తుకున్నారు. అయినా ఆయన మొహంలో కళ వచ్చింది.

బయల్దేరే రోజున విమానం పైకి లేచేసరికి, అంతదాకా ధైర్యంగా ఉన్న పిన్ని కళ్ళు గట్టిగా మూసుకుని అక్క చెయ్యి పట్టేసుకుంది. అక్క కిటికీలోంచి చూపు తిప్పకుండానే రెండో చేత్తో ఆ చేతిని నిమిరింది.

"ఇంకా ఏడు గంటలుందే. భయమంతా ఇప్పుడే వాడేసుకోకు, కాస్త దాచుకో" అంది.

పిన్ని కళ్ళు మూసుకునే నవ్వింది.