టోపీ లేచిన మాత్రలు

రెబెకా పళ్ళెంలోంచి ఒక మాత్ర తీసి బొటనవేలి గోరుతో గీరింది. పైపొర టోపీ మాదిరి లేచొచ్చింది. ఇంకోటి తీసింది. అదీ అంతే.

వెనక మేనేజరు గంగాధరప్ప చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈ బీపీ మాత్రలు కొనే కంపెనీ మనిషి అనంతపురంలో రైలు దిగినాడని అప్పుడే ఫోనొచ్చింది.

"మిషను ఇంగా బిగించు" అన్నాడు.

"బిగించేకొద్దీ ఎక్కువ లేస్తాండాయి సార్."

"చేతకాదని చెప్పు, పోనీ. పాత ఆపరేటరు రామాంజిని పిలిపిస్తా. నువ్వు మళ్ళీ సీసాలు కడుగుదువు."

ఆ ఫ్యాక్టరీలో మాత్రలు ఒత్తే మిషను మీద ఆడమనిషి నిలబడటం ఇదే మొదలు. సీసాలు కడిగీ కడిగీ గోళ్ళు పుచ్చినాక దొరికిన చోటది. రెబెకా ఒత్తిడి పెంచే మర ఇంకొంచెం తిప్పింది. మిషను మూలిగింది. ఈసారి మాత్రలు టిక్కుమని నడిమికి చీలి పడినాయి.

ఆమె మిషను ఆపి, తొట్టిలో చెయ్యి పెట్టి, మాత్రలుగా ఒత్తే మందు రవ్వ పిడికెడు తీసింది. గట్టిగా పిసికి అరచెయ్యి తెరిచింది. రోజూ అయితే వేళ్ళ అచ్చులు పడి ముద్ద నిలిచేది. ఇప్పుడు ఏటి ఇసుక మాదిరి సందుల్లోంచి కారిపోయింది.

ఈ రవ్వ ఎండబెట్టింది ఎవరో ఆమెకు తెలుసు. ఆమె అక్క మొగుడు జాకబ్. మేనేజరు కాళ్ళావేళ్ళా పడి ఆమెను ఈ పనిలో పెట్టించింది కూడా అతనే.

"ఇప్పుడే వస్తా సార్" అని డ్రయ్యరు గదికి పోయింది.

లోపల సెగ మొహానికి కొట్టింది. జాకబ్ ఒక ట్రే లాగి, చిటికెడు రవ్వ డబ్బాలో వేసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నాడు.

"ఏమ్మే, మిషను ఇడ్సిపెట్టి ఈడికొచ్చినావు?"

"బావా, కెమిస్టు మేడం చెప్పినప్పుడే ట్రేలు తీసినావా?"

"ఇంగ కొంచేపు ఎక్కువే పెట్టినా. గలగలా అనేదాకా." అతని గొంతులో గర్వం. "మనూర్లో చెనిక్కాయ ఎట్ల ఎండబెడతాం? ఊపితే లోపల గింజ పలకాల. చెమ్మ ఉండి బూజు పట్టిందనుకో, యాపారి మూటలు మన మొగానే కొడతాడు. నాకు కొట్టినాడు, తెలుసు గదా."

"ఇది చెనిక్కాయ కాదు బావా. మాత్ర నిలబడ్డంలే."

జాకబ్ చెయ్యి ఆగింది. వాకిలి వైపు చూసినాడు. చెంబు అందుకున్నాడు.

"రోంత నీళ్ళు చిలకరిస్తా. మూటలకు బరువు రావల్లని చల్లుతారు గదా, అట్ల. ఎవురికీ తెలీదు."

రెబెకా అతని మణికట్టు పట్టుకుంది. "వొద్దు."

"ఇడువు."

"నీళ్ళు చల్లితే సరిపోదు" అని వాకిట్లోంచి మాట వినబడింది. కెమిస్టు ప్రసూన మేడం. ఆమె వెనకాలే గంగాధరప్ప. "అది చెక్కనారతో చేసిన పొడి జాకబ్. సెల్యులోజు. దాంట్లో కొద్దిగా చెమ్మ ఉంటేనే ఒత్తినప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. మరీ ఎండబెడితే నార బిగుసుకుపోతుంది. మళ్ళీ తడిపినా మొదట్లాగ కాదు."

"నేను సరిగ్గానే తీసినా మేడం" అన్నాడు జాకబ్ చెంబు కింద పెడుతూ. రెబెకా వైపు చూడలేదు. "మిషనుదే తప్పు. ఆ పిల్లకు తిప్పను రాదు. కొత్త గదా."

రెబెకాకు చెవులు గుయ్యిమన్నాయి. తన మాటకు అక్కడ విలువ ఎంతో ఆమెకు తెలుసు.

"నిన్నటి డ్రమ్ములో రవ్వ మిగిలుండాది" అంది చివరికి. "అది పోసి చూపిస్తా సార్."

జాకబ్ ఇప్పుడు ఆమెను చూసినాడు. తల అడ్డంగా ఊపలేదు గానీ కళ్ళు వద్దనే అన్నాయి.

నలుగురూ మిషను దగ్గరకు పోయినారు. రెబెకా తొట్టి ఖాళీ చేసి, బ్రష్షుతో దులిపి, బిగించిన మర వెనక్కి తిప్పింది. నిన్నటి రవ్వ పోసింది. మీట నొక్కింది.

మొదటి మాత్రలు పళ్ళెంలో పడినాయి. గంగాధరప్ప ఒకటి తీసి గీరినాడు. సిమెంటు నేలకేసి కొట్టినాడు. అది ఎగిరి, దొర్లి, అట్లనే ఉండిపోయింది. ప్రసూన ఇంకోటి విరవబోతే వేలు నొచ్చింది.

మిషను ఒక్కటే కొట్టుకుంటోంది.

"ఈపొద్దు రవ్వంతా పారబోయాల" అంది ప్రసూన. "వచ్చే ఆయనకు ఉన్నమాట చెబుదాం సార్. సగం మాత్ర మింగితే బీపీ సగమే దిగుతుంది."

గంగాధరప్ప జాకబ్ వైపు తిరిగినాడు. "ఆ గది తాళం ఇచ్చెయ్యప్పా. రేపట్నుంచి నువ్వు లోడింగులో ఉండు. ఏమ్మా, నువ్వు మిషను ఆపొద్దు."

సాయంత్రం ఆటోలో జాకబ్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు, వెనక చోటున్నా. ఊరొచ్చేదాకా తల తిప్పలేదు. దిగినాక అన్నాడు:

"మీ యక్కకు నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

"చెప్తా బావా. నన్ను తప్పుబట్టిన మాట గుడా చెప్తా."

రెబెకా తన ఇంటి దారి విడిచి అక్క ఇంటి వైపు నడిచింది. కొంత ఎడంగా, అతను వెనకాలే వచ్చినాడు.