తీగ మీద సుజానా, బండ చాటున భీముడు

సరిగ్గా గెడ్డ మీదికి వచ్చేసరికి నా పుల్లీ ఆగిపోయింది. ఆగి, వెనక్కి జారి, జిప్‌లైన్ తీగ కుంగినచోట నన్ను ఆరేసిన చొక్కాలా వేలాడదీసింది. అరవై అడుగుల కింద వాగు, బండరాళ్లు. అవతలి గట్టు ఇంకా నలభై గజాలుంది.

ఆ గట్టు మీద నా మొగుడు ఐజాక్. విజయనగరంలో ఒక స్కూల్లో పీఈటీ మాస్టారు. అరకులో దిగిన దగ్గర్నుంచీ జిప్‌లైన్, జిప్‌లైన్ అని ప్రాణం తీశాడు. ఆయనది తొంభై కిలోలు. రివ్వున వెళ్లిపోయాడు. నాది నలభై నాలుగు. ఎదురుగాలి ఒక్కటి కొట్టింది, అంతే.

"సుజీ! కాళ్లు ఊపు! పొట్ట బిగించు!"

"డ్రిల్లు ఆపి ఎవరినైనా పిలు!"

బొర్రా గుహల వైపు ఆకాశం నల్లబడింది. ఉరిమింది. నేను వేలాడుతున్నది ఇనప తీగకి.

నేను బయల్దేరిన గట్టు మీంచి మేనేజర్ శివప్రసాద్ అరిచాడు. "టెన్షన్ పడకండి మేడం! మధ్యలో ఆగినవాళ్లని లాగడానికి మనిషున్నాడు. భీముడని, ఎక్స్‌పర్ట్!"

"అయితే పంపండి!"

"వేటకెళ్లాడు మేడం."

ఐజాక్ పక్కనున్న దేముడమ్మ అందుకుంది. అవతలికి చేరినవాళ్ల బెల్టులు విప్పడం ఆమె పని. భీముడి పెళ్లాం. "మా కొండోళ్ల ఇటుకల పండగమ్మా! మగోళ్లంతా ఏటకెళ్లిపోనారు. పండగన్నాళ్లూ తీగ మూసెయ్యమని మా ఆయన మొత్తుకున్నాడు. ఆ సారు ఇన్నాడా?"

"సెలవుల సీజన్ కదా మేడం," అన్నాడు శివప్రసాద్ నాతో, అదేదో నాకు ఊరట అన్నట్టు.

"మీ ఆయన ఎప్పుడొస్తాడు దేముడమ్మా?"

"ఏదైనా దొరికితే వత్తాడు. ఉత్త సేతుల్తో వత్తే పేడనీళ్లు పోత్తాం. ఆచారం."

ఆమె వెనక బాటకి అడ్డంగా మరో ఆరుగురు ఆడవాళ్లు. మధ్యలో బకెట్టు. అందరూ హాయిగా నవ్వుకుంటున్నారు.

అప్పుడు నా కాళ్ల కింద నుంచి ఎవరో పిలిచారు. "అమ్మగోరూ!"

గెడ్డలో బండ చాటున ఒక మనిషి నక్కి ఉన్నాడు. చేతిలో విల్లు.

"నువ్వు భీముడివా?"

"గట్టిగా అనకండి! పొద్దుట్నించి తిరిగినాను, కుందేలు కూడా తగల్లేదు. కిందటేడూ ఇంతే. వరసగా రెండేళ్లంటే నేను ఊళ్లో తలెత్తలేను. ఆ ఆడోళ్లు ఇళ్లకి పోయాక వచ్చి లాగుతాను. మీరు కదలకండి."

"ఎక్కడికి కదలమంటావయ్యా! ఇప్పుడే చెప్పేస్తా నువ్విక్కడున్నావని."

"సెప్తే పారిపోతాను."

"సుజీ, ఎవరితో మాట్లాడుతున్నావు?" అరిచాడు ఐజాక్.

"ప్రార్థన చేసుకుంటున్నా!"

మెరిసింది. శివప్రసాద్‌కి భయం పట్టుకుంది. "నేనే వస్తున్నా మేడం!" అంటూ గబగబా బెల్టు కట్టుకుని, చేతికందిన కొక్కెం తగిలించి, గట్టు అంచుకొచ్చాడు. ఒక కాలు గాల్లో పెట్టాడు.

భీముడు బండ మీదికి ఎగిరాడు. "ఆగు సారూ! ఆ కొక్కెం కాదు! అది సామాన్లు దింపేది, మనిషిని ఆపదు! ఆగు!"

లోయంతా మోగింది. శివప్రసాద్ కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆడవాళ్ల నవ్వు ఆగింది.

"ఓహో," అంది దేముడమ్మ. "బాబుగారు ఇక్కడున్నారా!"

భీముడు ఇక దాక్కోలేదు. గెడ్డలోంచి ఎగబాకి, మేనేజర్ని పక్కకి తోసి, అసలు కొక్కెం తగిలించుకుని నా దగ్గరికి జారాడు. నా బెల్టుని తన బెల్టుకి బిగించాడు. తీగ పట్టుకుని చేతుల మీద లాగడం మొదలుపెట్టాడు. ముప్పై గజాలు. ఇరవై. ఆగాడు.

"ఏమైంది?"

"బకెట్టు సూడండి."

దేముడమ్మ బకెట్టెత్తి అంచున నిలబడి ఉంది.

"ఎనక్కి పోదామా అమ్మా? ఎత్తు కదా, అరగంట పడతాది."

పిడుగు పడింది. ఈసారి మెరుపుకీ ఉరుముకీ మధ్య ఊపిరి పీల్చేంత వ్యవధి లేదు. తీగ జివ్వుమంది.

"దేముడమ్మా! ఈ ఒక్కసారికి వదిలెయ్యి!" అని అరిచాను.

"వొదిల్తే వచ్చే ఏడు ఎవుడూ ఏటకెల్లడు. మీ క్రిస్మస్ మార్సమంటే మారుత్తారా?"

నేను ఐజాక్ వైపు చూశాను.

"అమ్మా, మా ఆవిడ బెల్టు విప్పాక పొయ్యండి," అని ఐజాక్ బతిమాలాడు.

"ఇప్పితే ఈడు ఉడాయించేత్తాడు బాబూ! నాకు తెల్దేటి?"

భీముడు తీగ పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. ఇటు ఆచారం, అటు మేనేజర్, నెత్తిన పిడుగు, ఇరవై గజాల అవతల బకెట్టులో వీడి పరువు. నాకు ఒళ్లు మండిపోయింది.

"లాగు!"

"మీ మీదా పడతాదమ్మా."

"పడనీ! బకెట్టు కాకపోతే బిందె పొయ్యమను! నాకు నేల కావాలి. బేగి లాగు!"

లాగాడు. నా కాళ్లు గట్టు మీది చెక్కలకి ఆనాయో లేదో బకెట్టంతా ఇద్దరి నెత్తినా పడింది. ఆడవాళ్లు కేకలేశారు. భీముడు తల దించుకున్నాడు. దేముడమ్మ తన కొంగుతో నా కళ్లు తుడిచి, బెల్టు విప్పింది. తర్వాత మొగుడి ముఖం కూడా తుడిచింది, విసురుగా.

ఐజాక్ నవ్వుతూ రెండడుగులు వేసి, ముక్కు మూసుకుని ఆగిపోయాడు. "నీకేం కాలేదుగా సుజీ? హమ్మయ్య. రేపు పారాగ్లైడింగ్‌కి మాత్రం గాలి చూసుకునే..."

నేను పేడనీళ్లు కారుతూనే పరుగెత్తి వెళ్లి ఆయన్ని గట్టిగా కావలించుకున్నాను.