కూర్చుని చదివే యాప్

“ఏమ్మే, పని ఉండేది చేతులకే కదా! చెవులు ఊరికే ఉండాయి కదా నీకు,” అన్నాడు యోగానంద, భార్య నాగవేణి ఇడ్లీపిండి రుబ్బుతుంటే.

ఫోన్లో పుస్తకాలు చదవడానికి ఏ యాప్ మంచిదని ఆమె అడిగింది కూతురు హేమశ్రీని. మధ్యలో ఆయన దూరి, పైకి చదివి వినిపించేదాన్ని ఎక్కించేశాడు. “నా కొడుకు ఎంత తెలివిగా ఆలోచించినాడో సూడు,” అని మురిసిపోయింది అత్త సుబ్బులమ్మ.

నాగవేణి చిత్తూరులో అంగన్‌వాడీ టీచరు. పెళ్లితో ఆగిపోయిన డిగ్రీని నలభై దాటాక దూరవిద్యలో మొదలుపెట్టింది. అన్నీ గట్టెక్కాయి, చరిత్ర పేపరు మాత్రం రెండుసార్లు పోయింది. డిగ్రీ ఉంటేనే సూపర్‌వైజరు పరీక్ష రాయనిస్తారు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. “పిల్లోళ్లకు గుడ్లు ఉడకబెట్టేదానికి డిగ్రీలెందుకు?” అని పోయినసారి ఫలితాలొచ్చిన రోజు యోగానంద నవ్వాడు.

నాగవేణి వారం రోజులు ఆ పాఠాలు విన్నది. అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ విన్నది. మిక్సీ తిరిగినంతసేపట్లో ఒక రాజు చచ్చిపోయేవాడు. కుక్కరు కూత ఆగేలోగా ఒక యుద్ధం ముగిసిపోయేది. శనివారం హేమశ్రీ పాఠంలోంచి ఒక ప్రశ్న అడిగితే ఒక్క ముక్కా గుర్తు రాలేదు. అప్పుడు తట్టింది నాగవేణికి. ఇరవై రెండేళ్లలో ఈ ఇంట్లో తను తనకోసం కూర్చున్నది లేదు. కూర్చుంటే చిక్కుడుకాయల ఈనెలు తీయడానికి, లేకుంటే పూలు కట్టడానికి. ఏడ్చినా నవ్వినా చేతిలో పని ఉండనే ఉంది. ఇప్పుడు చదువు కూడా ఆ పని సందుల్లోనే దూరాలంట. ఆ యాప్ ఎక్కించింది తన చదువు సాగాలని కాదు, ఇంట్లో పని ఆగకూడదని.

“ఇది తీసేయ్ పాపా,” అంది ఆదివారం పొద్దున. “కంటితో చదివేది పెట్టు. అక్షరం పెద్దదిగా కనపడాల. గీత గీసుకునేదానికి ఉండాల.”

హేమశ్రీ మూడు చూపించింది. ఒకదాంట్లో తెలుగు ఒత్తులు ఊడి పక్కన పడ్డాయి. ఇంకోదాంట్లో పేజీకొక ప్రకటన. మూడోది నెట్ లేకున్నా తెరుచుకుంది, గీసిన గీత చెరిగిపోలేదు. “ఇదే,” అంది నాగవేణి.

సాయంత్రం ఆరింటికి హాల్లో ఫ్యాను కింద కుర్చీ లాక్కుని కూర్చుంది. బయటినుంచి వచ్చిన యోగానంద కాఫీ అడిగాడు.

“డికాషన్ ఫిల్టర్లో ఉండాది. పాలు కాచుకోండి,” అంది తలెత్తకుండా.

ఆయన తల్లి వైపు చూశాడు. సుబ్బులమ్మ గొంతు సవరించుకుంది. “పరీక్ష అయ్యేదాకానే కదమ్మా ఈ కూర్చునేది?”

నాగవేణి వేలితో ఒక వాక్యం కింద గీత గీసి, అప్పుడు తలెత్తింది.

“పరీక్షకు చదివేది పరీక్షతో అయిపోతుంది అత్తా. ఆ తర్వాత నాకు ఇష్టమైనవి చదువుకుంటా. రోజూ ఈ టైముకే, ఈడనే కూర్చుంటా.”